కొక్కేనికి బెల్లం మూట

బొబ్బిలి నుంచి బావ ఫోన్ చేసినప్పుడు నేను అరసవల్లి కూడలిలో ఆటో కోసం నిలబడి ఉన్నాను. "అమ్మ ఎల్లిపోనాది రా" అన్నాడు. ఉద్యోగం మానేసినా విలేకరి అలవాటు పోదు. ఎప్పుడు, ఎలా అని అడిగాను. "పొద్దున్నే. ఉప్మాలో ఉప్పు సాల్లేదని మీ సెల్లిని తిట్టినాది. అది ఉప్పు తెచ్చేలోగా కుర్సీలో నిద్రపోనాది. అంతే" అన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు, "ఉప్పు నిజంగానే సాల్లేదురా, నానూ తిన్నాను" అని కూడా చెప్పాడు. అత్త గురించి ఏ వార్తయినా ఇలా రుజువుతో సహా రావడం మా ఇంట్లో మామూలే.

అత్త అంటే మా నాన్నకు అక్క. తొంభై దాటింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేసినప్పుడు, అక్కడి నుంచి కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చినవాళ్లలో ఆమె ఒకరు. మా వైపు నుంచి బియ్యం మిల్లుల్లోనూ రేవుల్లోనూ పని కోసం అక్కడికి వెళ్లినవాళ్లు చాలామంది. రంగూన్ అని ఎవరూ అనరు, రంగం అంటారు. రంగం వెళ్లినవాళ్లందరూ తిరిగి రాలేదు. ఆ నడకలో ఆకలితో, జ్వరాలతో, కలరాతో పోయినవాళ్ల లెక్క ఎవరి దగ్గరా సరిగ్గా లేదు. అప్పటికి అత్తకు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో. మా నాన్నకు నాలుగు.

బొబ్బిలిలో వీణలు చేసేవాళ్ల ఇళ్లకు కాస్త అవతల అత్తవాళ్ల ఇల్లు. పాత పెంకుటిల్లు పోయి డాబా లేచాక, ముందుగదిలో శ్లాబుకు ఫ్యాన్ కోసం ఒక ఇనప కొక్కెం పెట్టించారు. ఆ కొక్కేనికి ఫ్యాన్ ఎప్పుడూ ఎక్కలేదు. అత్త దానికి ఒక బెల్లం మూట వేలాడదీసింది. పాత ఇంట్లో దూలానికి ఉండేది, కొత్త ఇంట్లో కొక్కేనికి వచ్చింది. అత్త కోడలు, అంటే నన్ను అన్నయ్యా అని పిలిచే మా బావ భార్య, ఆ కొక్కెం కోసం ఇరవై ఏళ్లకు పైగా పోరాడింది. "సూడన్నయ్యా, ఊరంతా ఫ్యాన్ల కింద పడుకుంటే మనం బెల్లం కింద పడుకోవాల. సీమలు రాకుండా తాడుకి కిరసనాయిలు రాయడం నా ఉజ్జోగం" అని నేను వెళ్లినప్పుడల్లా ఫిర్యాదు చేసేది. అత్త వినీ విననట్టు, "టేబులు ఫ్యాన్ ఉన్నాది కదే. గాలికి కొక్కెం ఎందుకు?" అనేది.

ఆ మూట వెనక కథ మా ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ తెలుసు. అత్త చెప్పినట్టే చెబుతాను.

రంగం నుంచి బయల్దేరిన మన తెలుగు కుటుంబాల గుంపుకు ఒక మేస్త్రీ పెద్ద. మిల్లులో కూలీలను చూసుకున్నవాడు, దారిలోనూ అందరినీ ఆయనే చూసుకున్నాడు. ఆయన దగ్గర ఒక బెల్లం అచ్చు ఉంది. కొండ ఎక్కలేమని పిల్లలు కూలబడినప్పుడు చిటికెడు చిటికెడు నోట్లో వేసి లేపడానికి దాన్ని దాచాడు. చేతుల్లో సామాను, చంకలో ఇంకెవరి బిడ్డో. అందుకని బెల్లాన్ని గుడ్డలో కట్టి, ఆ మూటను తలపాగాలో పెట్టి చుట్టుకున్నాడు. ఒకరోజు నాలుగేళ్ల పిల్లాడు ఒకడు నడవలేకపోతే భుజాల మీద ఎక్కించుకున్నాడు. పడిపోకుండా పిల్లాడు మేస్త్రీ తల పట్టుకున్నాడు. పట్టుకున్నది తల కాదని వాడికి కాసేపట్లో తెలిసిపోయింది. వేలితో తలపాగాలో సందు చేశాడు. గుడ్డకు కన్నం పెట్టాడు. కొండ ఎక్కినంతసేపూ నోరు ఆడిస్తూనే ఉన్నాడు. కొండ మీద అందరూ కూలబడ్డారు. పిల్లలకు బెల్లం పెడదామని మేస్త్రీ మూట దించాడు. గుడ్డ ఉంది, గుడ్డలో చింతగింజంత ముక్క ఉంది. మేస్త్రీ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, "ఓలమ్మో, ఈడు నా బుర్ర సగం తినీసినాడు!" అన్నాడు.

"ఆ కొండ మీద అందరం నవ్వినాం రా" అనేది అత్త. "కాళ్లు పుళ్లు పడిపోనాయి. తిండి లేదు. ముందు రోజే మాతో నడిసిన తాత పోనాడు. అయినా నవ్వినాం. మేస్త్రీ అయితే కూకోలేక పడుకుని నవ్వినాడు."

ఆ పిల్లాడు మా నాన్న. కథ ఎప్పుడూ అక్కడే ముగిసేది.

అందుకే మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. నాలుగో ఏడు వచ్చిన ప్రతి బిడ్డనూ ఎవరో ఒకరు భుజాల మీద ఎక్కించుకుని అత్త మూట కింద నిలబడాలి. బిడ్డ వేలితో గుడ్డకు కన్నం పెట్టి బెల్లం తియ్యాలి. మోసినవాడు నెత్తిన చేతులు పెట్టుకుని మేస్త్రీ మాట అనాలి. నేను మా నాన్న భుజాలెక్కి తీశాను. నా కూతురు నా భుజాలెక్కి తీసింది. పుట్టువెంట్రుకలు తీయించడం ఒక ఏడు వెనకా ముందూ అయినా అత్త పట్టించుకునేది కాదు గానీ, ఇది మాత్రం తప్పనిచ్చేది కాదు.

నాన్నకు ఆ కథంటే గర్వం. పెళ్లిళ్లలో, రైళ్లలో, నా పెళ్లిచూపుల్లో కూడా చెప్పాడు. ఏటికేడు ఒక వివరం పెరిగేది. బెల్లం కొంచెం మట్టివాసన వేసిందని, మేస్త్రీ తలనూనె రుచి కూడా తగిలిందని చెప్పేవాడు. మరి జీవితంలో బెల్లం ఎందుకు ముట్టవని ఎవరైనా అడిగితే, "ఆ రోజే నా వాటా అయిపోయింది" అనేవాడు. నాన్న బెల్లం ముక్క నోట్లో వేసుకోగా మా ఇంట్లో ఎవరూ చూడలేదు. చలిమిడి పెడితే పక్కవాడి ఆకులోకి తోసేవాడు. పదేళ్ల కిందట పోయినప్పుడు దినం భోజనాల్లో కూడా ఆ కథే చెప్పుకుని నవ్వుకున్నాం.

విలేకరిగా నాకు అత్త ఎప్పుడూ కష్టమైన మనిషి. ఏ నెలలో బయల్దేరారు, ఏ దారిన వచ్చారు, ఎన్నాళ్లు నడిచారు అని అడిగితే, "తారీకులు మేస్త్రీకి తెలుసు. నాకు ఆకలి తెలుసు, అది అడుగు" అనేది. తెలియంది తెలియదనేది. పెద్ద ఏరు దాటారట కదా, పేరేమిటి అంటే, "ఏరు నాకు పేరు సెప్పలేదు" అనేది. అలాగని తప్పులు లేవని కాదు. రంగం నుంచి బొబ్బిలి దాకా మొత్తం నడిచే వచ్చామని చివరిదాకా వాదించింది. చాలా దూరం రైల్లో వచ్చారని అదే గుంపులో వచ్చిన మరొకాయన తను పోకముందు నాకు చెప్పాడు. ఆ మాట ఆమెతో అంటే కాసేపు ఆలోచించి, "అయితే నిద్రపోయుంటాను. నడిసినప్పుడే మెలకువగా ఉన్నాను" అంది.

ఇంకొక మాట తరచూ అనేది. ఆ నడక గురించి అడగడానికి వచ్చినవాళ్లు కన్నీళ్ల దగ్గర ఆగిపోతారని ఆమెకు తెలుసు. "ఏడుపు ఎవుల్దయినా ఒకలాగే ఉంటాది రా. నవ్వు మాత్రం ఎవుల్ది ఆల్దే" అనేది. నేను దాన్ని ముసలివాళ్ల సరదా మాటగానే తీసుకున్నాను.

కొన్నేళ్ల కిందట జిల్లా పేజీకి రంగం నుంచి వచ్చినవాళ్ల మీద ఒక వ్యాసం రాశాను. అప్పటికి నడిచినవాళ్లలో నాకు దొరికింది అత్త ఒక్కతే. బెల్లం కథా వేశాను. ఒక మాట ఇద్దరు చెబితేనే వార్త అని మా పాత సబ్ఎడిటర్ నేర్పాడు. ఇక్కడ నాన్నా చెప్పాడు, అత్తా చెప్పింది. లెక్క సరిపోయింది.

వ్యాసం వచ్చిన వారంలోనే గరివిడి నుంచి ఒకాయన అత్తను వెతుక్కుంటూ వచ్చాడు. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి, డెబ్బై అయిదు దాటి ఉంటాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. చెప్పులు విప్పుతూనే, "అప్పా, గుర్తుపట్టినావా?" అన్నాడు. మా వైపు అక్కను అప్ప అంటారు. అత్త కళ్లద్దాలు సర్దుకుని ఒక్క చూపు చూసి, "ఎదురింటోడివి. ముక్కు మీ అమ్మది" అంది. ఆయన తల్లి కూడా అదే గుంపులో రంగం నుంచి నడిచి వచ్చిన మనిషి. ఆయన ఇక్కడికి వచ్చాక పుట్టాడు. ఉద్యోగం రాగానే తల్లిని తీసుకుని గరివిడి వెళ్లిపోయాడు. ఆ తల్లి పోయి చాలాకాలమైంది.

కూర్చోగానే విషయానికి వచ్చాడు. "మా అమ్మ పోయే ముందు ఒక మాట సెప్పినాది అప్పా. నాకన్నా ముందు ఒకడు పుట్టినాడని, నడిసొస్తంటే దారిలో జొరమొచ్చి పోనాడని. పేరు సెప్పినాది. అంతే, మల్ల నోరిప్పలేదు. ఏటేటా మాలయ పచ్చాల్లో ఆ పేరు సెప్పి నువ్వులూ నీళ్లూ ఒగ్గుతన్నాను. ఒగ్గినప్పుడల్లా ఎవుడికి ఒగ్గుతన్నానో తెల్దు. ఆడు ఎలగుండీవోడు? నల్లోడా, ఎర్రోడా? నవ్వీవోడా, ఏడ్సీవోడా? నడిసినోల్లు ఇంకెవులూ లేరనుకున్నాను. పేపర్లో నీ బొమ్మ సూసి వచ్చినాను. ఒక్కటి సెప్పు. ఒక్కటి సాలు."

అత్త కొక్కేనికి వేలాడుతున్న మూట వైపు చూసింది. తర్వాత గోడ మీద దండ వేసి ఉన్న మా నాన్న ఫోటో వైపు చూసింది. ఫోటోతో, "ఏటనుకోకురా తమ్ముడూ" అంది. ఆయన వైపు తిరిగి, "ఆ బెల్లం తిన్నోడు మీ అన్న, బాబూ. మావోడు కాదు" అంది.

ముందు నోరు తెరిచింది నేనే. "అత్తా, ఏటంటన్నావు? మరి నాన్న?"

"మీ నాన్నా? దారంతా ఏడ్సినాడు. మా అమ్మ సంకెక్కినోడు రైలుకాడే దిగినాడు. ఆడు బెల్లం దొంగిలించడమేటి? ఇచ్చినా ఊసీసీవోడు."

"రైలు ఎక్కలేదన్నావు కదా?"

"ఒరే, పెద్ద మాట సెప్తంటే రైలు పట్టుకుంటావేటి?"

తలుపు వెనక అత్త కోడలు ఫక్కున నవ్వింది. నాకు నవ్వు రావడానికి కొంత సమయం పట్టింది. బెల్లం అంటే మొహం తిప్పుకునే మనిషి కొండంత దూరం బెల్లం తిన్నాడని యాభై ఏళ్లు నమ్మాను. సాక్ష్యం రోజూ మా ఇంటి భోజనాల వరసలోనే కూర్చుని ఉంది.

గరివిడి ఆయన మాత్రం నవ్వలేదు. "మరెందుకప్పా అలా సెప్పినావు?" అన్నాడు.

"తిరిగొచ్చిన కొత్తలో. నాకు పదేళ్లు ఉంటాయేమో" అంది అత్త. "మద్దేన్నం అరుగు మీద ఆడోల్లందరూ కూకున్నారు. రంగం కబుర్లు సెప్పవే అన్నారు. నాను బెల్లం కత ఎత్తుకున్నాను. సిన్నదాన్ని, తెల్దు కదా. మీ అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లేసిపోతన్నాది. అప్పుడు నా నోటికి ఏటొచ్చిందో, 'ఆ గుంటడు మా తమ్ముడే' అనీసినాను. మీ అమ్మ ఆగినాది. నాకేసి సూసినాది. మల్ల కూకున్నాది. కత అయ్యేసరికి నవ్వినాది బాబూ. దారిలో ఆడు పోయినకాడి నుంచీ మీ అమ్మ నవ్వడం అదే."

ఆయన తల వంచుకుని విన్నాడు.

"ఆ మీదట ఆవిడే అడిగీది. 'ఏమే, మీ తమ్ముడి బెల్లం కత సెప్పవే' అనీది. మీ తమ్ముడి, అనీది. ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఎప్పుడూ అనుకోలేదు. ఆడి పేరు ఎత్తితే ఆవిడ బతకలేదు. ఆడి కత ఇనకపోయినా బతకలేదు. ఏటి సేస్తాను? మా తమ్ముడు ఊరికే ఉన్నాడు కదా అని ఆడి నెత్తిన పెట్టీసినాను."

గరివిడి ఆయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. తల ఎత్తేసరికి నవ్వుతున్నాడు. "ఆ కత నాకు తెలుసప్పా! అరుగు మీద అమ్మ నన్ను ఒళ్లో కూకోబెట్టుకుని వినీది. మేస్త్రీ మూట దించినకాడికి వచ్చేసరికి నా పొట్ట గట్టిగా పట్టుకునీది, ఊపిరాడీది కాదు. మీ తమ్ముడు ఎదురుగా నిలబడి ఉండీవోడు, బెల్లం దొంగా అని ఏడిపించీవోల్లం. మా అన్ననే ఏడిపించినాను అన్నమాట."

"మీ అన్ననే" అంది అత్త. "సన్నగా ఉండీవోడు. నల్లోడే. అడిగినావు కదా, నవ్వీవోడు. దొరికిపోయినా నవ్వీవోడు. మేస్త్రీ సెవి మెలిపెడితే, ఆ సేతికంటుకున్న బెల్లం నాకినాడు. అది మా తమ్ముడి మీద ఎప్పుడూ సెప్పలేదు. అది మీ కోసం అట్టిపెట్టినాను అనుకో."

నాకు తెలిసి ఆమె ఆ వివరం చెప్పడం అదే మొదటిసారి. ఎనభై ఏళ్లు చెప్పిన కథలో ఒక ముక్క విడిగా దాచిపెట్టింది.

తర్వాత అత్త కర్ర అందుకుని లేచింది. మూట కిందకు నడిచి, "రా, తియ్యి. నీది ఇన్నేళ్లూ బాకీ పడిపోనాది" అంది. ఆయన పొడుగు మనిషి, ఎవరి భుజాలూ అక్కర్లేదు. అయినా చెయ్యి పైకెత్తి సిగ్గుపడి ఆగాడు. "కన్నం పెట్టాల. ముడి ఇప్పకూడదు" అంది అత్త. ఆయన వేలు పెట్టాడు. మేస్త్రీ మాట ఎవరనాలో తెలియక గదిలో ఒక్క క్షణం అందరం ఒకరినొకరం చూసుకున్నాం. అత్తే కర్ర చంకలో పెట్టుకుని, రెండు చేతులూ నెత్తిన వేసుకుని, "ఓలమ్మో, నా బుర్ర సగం తినీసినాడు" అంది.

ఆయన వెళ్లాక నేను అడిగాను. "నాన్నకు తెలుసా?"

"తెల్దు. తెలిసినా ఒప్పుకోడు. నాకన్నా బాగా సెప్పీవోడు కదరా" అంది. "ఆ మట్టివాసన ఆడే పెట్టినాడు. బాగుందని నానూ ఉంచీసినాను."

నాకు రెండు సాక్ష్యాలు దొరికాయనుకున్న చోట నిజానికి ఉన్నది ఒక్కటే. నాన్నకు గుర్తున్నది నడక కాదు, అక్క చెప్పిన కథ. కొండ, మేస్త్రీ, బెల్లం, ఆ నవ్వు అన్నీ నిజం. మారింది పిల్లాడి పేరొక్కటే. ఆ నడకలో ఏం జరిగిందో మిగతా కథ చెబుతుంది. నడిచి వచ్చినవాళ్లు ఆ తర్వాత ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్లలో ఎలా బతికారో, ఆ మారిన పేరు చెబుతుంది. నా వ్యాసంలో మొదటిది ఉంది, రెండోది లేదు.

అత్త మాత్రం దాన్ని ఇంత దూరం తీసుకెళ్లలేదు. ఆమె అడిగింది ఒక్కటే. "పేపర్లో ఏసినావు కదా. ఇప్పుడు దిద్దు." నేను డెస్క్‌కు ఫోన్ చేశాను. అక్కడి కుర్రవాడు మర్యాదగానే మాట్లాడాడు. "సవరణ అంటే పేరు తప్పో, ఫోటో తప్పో ఉండాలి సార్. యుద్ధకాలంలో బెల్లం ఎవరు తిన్నారన్నది ఎలా వెయ్యను? కంప్లయింట్ ఎవరిచ్చారని రాయను?" అన్నాడు. అతని ఇబ్బంది నాకు అర్థమైంది. అత్తకు అర్థం కాలేదు. ఎప్పుడు వెళ్లినా గుమ్మంలోనే అడిగేది, "దిద్దీసినావా?" అని. పోయిన నెల కూడా అడిగింది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. బెల్లం తిన్నది మా నాన్న కాదు. ఎదురింటి పిల్లాడు. సన్నగా, నల్లగా ఉండేవాడు. దొరికిపోయినా నవ్వేవాడు.

పన్నెండో రోజు భోజనాలకు గరివిడి ఆయన వచ్చాడు, మునిమనవరాలిని వేలు పట్టి నడిపించుకుంటూ. ముందుగదిలో జనం, ఉక్క. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ కొక్కేనికి ఫ్యాన్ బిగించేద్దామని అంతకు రెండు రోజుల ముందే బావ అన్నాడట. వద్దన్నది అతని భార్యే. "గాలికి కొక్కెం ఎందుకు? టేబులు ఫ్యాన్ తిప్పండి" అంది. నేను పైకి చూశాను. మూటకు కొత్త గుడ్డ కట్టి ఉంది. తాడుకు కిరసనాయిలు వాసన.

"దీనికి నాలుగు నిండినాయి" అన్నాడు గరివిడి ఆయన, ఎవరితోనో అన్నట్టు. బావకు అరవై అయిదు, మోకాళ్ల నొప్పులు. అయినా వంగి ఆ పిల్లను భుజాల మీద ఎక్కించుకున్నాడు. పిల్ల ముందు భయంతో అతని జుట్టు పట్టుకుంది. తర్వాత మూట చూసింది. వేలు పెట్టింది. మా ఇంటి పిల్లలు చుట్టూ చేరారు.

"మరి కథలో మా తాత ఎక్కడున్నాడు?" అని వాళ్లలో ఒకడు అడిగాడు.

"మీ తాత కింద ఉన్నాడు. ఏడుస్తన్నాడు" అన్నాడు గరివిడి ఆయన.

పిల్ల నోటి నిండా బెల్లం పెట్టుకుని నవ్వింది. బావ రెండు చేతులూ నెత్తిన పెట్టుకోబోయాడు. అక్కడ పిల్ల కాళ్లూ చేతులూ ఉన్నాయి, జాగా లేదు. అందుకని ఆ పిల్ల చేతుల మీదే చేతులు వేసి మేస్త్రీ మాట అన్నాడు. పంక్తిలో కూర్చున్నవాళ్లు కూడా వెనక్కి తిరిగి నవ్వారు. పిల్లను దించేశాక కూడా, కొత్త గుడ్డకు చిన్న కన్నంతో, పైన మూట కాసేపు ఊగుతూనే ఉంది.